తడి ఆకు వేసిన చెయ్యి

నిన్న మధ్యాహ్నం వాన వెలిసి, మా వీధిలో ఫ్యాక్టరీ బస్సులు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్న వేళ అక్క కూతురు ఫోను చేసింది. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా పెద్దమ్మ కూతురు, నాకన్నా రెండేళ్ళు పెద్దది, పోయిన ఏడాది కన్నుమూసింది. పట్టుపురుగుల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మొదటి ఆడమనిషి మా ప్రాంతంలో ఆమేనని హోసూరులోనూ క్రిష్ణగిరిలోనూ నాలుగక్షరాలు వచ్చిన వాళ్ళందరికీ తెలుసు. ఆమె జీవితచరిత్ర రాసే పని నా నెత్తిన పడి ఎనిమిది నెలలయింది. "చిన్నమ్మా, అన్నీ పంపించినావు, రెండో అధ్యాయం ఒక్కటే రాలేదే, యాడ ఆగిపోయింది?" అని అడిగింది ఆ పిల్ల. మోకాళ్ళ నొప్పమ్మా, అన్నాను. రాసే పనికి మోకాళ్ళతో ఏం సంబంధమని ఆ పిల్ల అడగలేదు, మర్యాద తెలిసినది.

ఉన్నమాట మీతో చెప్తాను, మీరు నా ఈడు వాళ్ళు కాబట్టి. బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరిని చూసి కడుపు మండిపోతూ వచ్చిందో, ఆ మనిషిని పొగుడుతూ రెండు వందల పేజీలు రాయమంటే ఎట్లుంటుందో ఒక్కసారి అనుకొని చూడండి. ఆమె బెంగళూరులో చదివినది, జపానుకు పోయి వచ్చినది, రైతుల చేత దండాలు పెట్టించుకున్నది, అన్నీ రాసేసినాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పిన దాన్ని, నాకు వాక్యాలకేం కరువు? ఎక్కడ ఎంత పొగడాలో అంతా పొగిడినాను, పళ్ళు బిగబట్టుకొని. రెండో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం మొరాయించింది. ఎందుకంటే అందులో నేనున్నాను.

మాది హోసూరు దగ్గర, తమిళ సీమలో బాగలూరు పక్కన పల్లె. పెదనాన్న, నాన్న, రెండు సంసారాలూ ఒకే ఇంట్లో, అందరి మీదా అవ్వ పెత్తనం. ఇల్లని పేరేగానీ సగం ఇల్లు పురుగులదే. నడుమింట్లో వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి అరలరలుగా ఉండేవి. పురుగులు పెరిగే నెల రోజులూ ఇంట్లో తిరగమోత ఘాటు లేచేది కాదు, ఊదుబత్తి వెలిగేది కాదు, తల్లో పూలు పెట్టుకొని ఎవరూ ఆ గది గడప తొక్కేది లేదు. పురుగులకు ఘాటు పడదు మరి. అవి ఆకు కొరికే చప్పుడు కప్పు మీద సన్నవాన పడుతున్నట్టు ఎడతెగకుండా వినపడేది. ఆ చప్పుడులోనే ఎక్కాలు వల్లించేవాళ్ళం, ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్ళం. నాలుగు జ్వరాలు దాటితే పురుగు పండుతుంది, పండితే గూడు కడుతుంది. జ్వరమంటే ఒళ్ళు కాలే జ్వరం కాదు, పురుగు మేత మానేసి తల ఎత్తుకొని, పొర విడిచే దాకా కదలకుండా పడుండటం. మా పక్క దానికి ఆ మాటే.

గుడ్లు పగిలి చీమలంత పిల్లలు బయటికొచ్చిన రోజున మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. లేత ఆకును దారాల్లా తరిగి మొదటి మేత వేసేది ఎవరంటే వాళ్ళు కాదు, మంచి చెయ్యి కావాల. పురుగుకు చెయ్యి తెలుస్తుందని అవ్వ నమ్మకం. ఏ కోడలి చేతి మీద పంట బాగా వచ్చింది, ఎవరి చేతి మీద చెడింది అనేది ఆమెకు ఏళ్ళ తరబడి నోటికి ఉండేది. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ పురిట్లో ఉండి, పెద్దమ్మ పుట్టింటికి పోయి, వేరే దిక్కులేక నా చేత వేయించినారు. ఆ పంట గూళ్ళు రాళ్ళలాగా గట్టిగా, తెల్లగా దిగినాయి. అంతే, ఆ రోజు నుంచి మొదటి మేత నాదే. పొద్దున్నే తలస్నానం చేయించి, సీకాయతో చేతులు రుద్ది, గదిలో పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళు. అక్క గుమ్మం అవతల నిలబడి చూసేది. అక్క అవతలా నేను ఇవతలా ఉన్న చోటు లోకంలో అదొక్కటే. మిగతా అన్ని చోట్లా ఆమెదే ముందు. బడిలో ఫస్టు ఆమె, పొడుగు జడ ఆమెది, హోసూరు బస్సులో కిటికీ సీటు ఆమెది, తెలుగు తమిళం కన్నడం మూడూ తడుముకోకుండా చదివేది ఆమె. పోనీలే, పీట నాది గదా, అని సరిపెట్టుకున్నాను.

అట్లుండగా పట్టు ఆఫీసరొకాయన వచ్చినాడు. సర్కారు జీపులో ఊరూరా తిరిగి పురుగులకు రోగమొస్తే ఏం చెయ్యాలో చెప్పేవాడు. తమిళాయన, మాతో వచ్చీరాని తెలుగులో మాట్లాడేవాడు. ఆయనకు గదంతా తిప్పి చూపించినది నేను. ఏ తట్ట ఏ జ్వరంలో ఉందో చెప్పినది నేను. కాళ్ళు కడుక్కొని లోపలికి రండి సారూ, అని చెంబుతో నీళ్ళిచ్చినది కూడా నేనే. అక్క ఒకే ఒక్క మాట అడిగింది. "సార్, ఒకే తట్ట, ఒకే ఆకు. కొన్ని చస్తాయి, కొన్ని చావవు. ఎందుకు?" ఆయన అక్కను ఎగాదిగా చూసి, జేబులోంచి భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టినాడు. ఒక తట్ట వేరుగా నువ్వే పెంచు పాపా, రోజూ ఎన్ని చచ్చినాయో నోటుబుక్కులో రాసిపెట్టు, మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాను, అన్నాడు. నేను చెంబు పట్టుకొని అట్లే నిలబడి ఉన్నాను. ఆ చెంబు బరువు ఇప్పటికీ నా చేతికి తెలుస్తూ ఉంది. ఒక్కసారి ఆ అద్దం ఇవ్వవే అని ఆ సాయంత్రం అడిగితే, నువ్వు పగలగొడతావు, అన్నది అక్క. పగలగొట్టేదాన్నే, అది వేరే సంగతి.

తరవాత మూడు రోజులు ముసురు పట్టింది. వానలో కోసిన ఆకును పాత పంచెగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, నీడన ఆరబెట్టి, అప్పుడు గానీ పురుగులకు వేయకూడదు. తడి తింటే పురుగు మెత్తబడి, నల్లబడి, నీరుకారి చస్తుంది. మా పల్లెలో నడక నేర్చిన బిడ్డకు కూడా ఈ సంగతి తెలుసు. బడి వదిలినాక ఆకు తుడిచే పని మా ఇద్దరిదీ. ఆ మొదటి సాయంత్రం పెద్దమ్మ పిలిచిందని అక్క అవతలికి పోయింది. నేను తుడవని కుప్పలోంచి రెండు చేతుల నిండా ఆకు తీసి, నీళ్ళు కారుతుండగానే అక్క తట్టలో పరిచినాను. మరుసటి రోజు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మళ్ళీ వేసినాను. ఎందుకు వేసినావే అంటే ఏం చెప్పేది? మంచి చెయ్యి నాదైతే భూతద్దం ఆమెకెందుకు? అంతే. పదకొండేళ్ళ పిల్లకు అంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు.

మూడో రోజుకు ఆ తట్ట కుళ్ళు వాసన కొట్టింది. అవ్వ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. ఆ రోగం పక్క తట్టలకు పాకితే పంటంతా గుంటలో పోసి సున్నం చల్లాల్సిందే, ఇంటిల్లిపాదీ పడిన చాకిరీ మట్టిపాలే. "ఎవరే తడి ఆకు వేసినది?" అని అవ్వ అరిచేసరికి నేను గోడ వారకు జరిగినాను. అక్క ముందుకొచ్చి, నేనే అవ్వా, తెలియక వేసినాను, అన్నది. నా వైపు చూడను కూడా చూడలేదు. అవ్వ ఆమె వీపు మీద రెండు వేసింది. "నీది పాడు చెయ్యి. ఇంక ఈ గది గడప తొక్కినావంటే కాళ్ళు విరగ్గొడతాను, చూసుకో!" అన్నది. ఎవరి చేతి మీద తట్ట చెడిందో వాళ్ళే దాన్ని గుంటకు మోయాల, వేరే చెయ్యి తగలకూడదు అనేది మా ఇంటి కట్టు. అందుకని అక్కే ఆ తట్టను నెత్తిన పెట్టుకొని వానలో పోయింది. నేను లోపల నిలబడి మంచి చేతులు రెండూ పావడాకు తుడుచుకున్నాను.

గుంటలో పారేసిందనే అందరం అనుకున్నాం. ఆమె పారేయలేదు. ఇంటి వెనక పాత బండి కొట్టంలో దాచి, తుడిచిన ఆకు తెచ్చి మేపుకుంది. ఆఫీసరు మళ్ళీ వచ్చిన రోజున తట్ట తెచ్చి ఆయన ముందర పెట్టింది. రెండు వందల పురుగుల్లో ముప్పైఒక్కటి బతికి గూళ్ళు కట్టినాయి. మూడు మేతలు తడి ఆకు తినీ చావని ముప్పైఒక్కటి. ఆయన ఆ గూళ్ళను ఒక్కొక్కటే, లోపల పురుగు కదులుతుందా అని చెవి దగ్గర ఆడించి చూసి, ఆమె నోటుబుక్కులో అంకెలు చూసి, పెదనాన్నను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడినాడు. పాడు చెయ్యి అని ముద్ర పడిన పిల్ల ఇంట్లో ఉండి ఏం చేస్తుందిలే, అని అవ్వ కూడా అడ్డు చెప్పలేదు. ఆ ఏడే అక్క హోసూరులో హాస్టల్లో చేరింది, ఆడ నుంచి బెంగళూరు పోయింది. నాది మంచి చెయ్యి గదా, పంట పంటకూ నేను కావాల. పురుగులున్న నెలంతా నన్ను బడి మాన్పించేవాళ్ళు. ఆమె ఫస్టు క్లాసులో పాసయితే, నేను అదే పరీక్ష రెండోసారి రాసి గట్టెక్కినాను.

ఆ తరవాతది పుస్తకంలో చదువుకుందురు. ముప్పైఒక్క గూళ్ళ దగ్గర మొదలైన ప్రశ్నను పట్టుకొని ఆమె బతుకంతా నడిచింది, వానాకాలపు తడిని తట్టుకునే పురుగును తయారుచేసి మా పక్క రైతులకిచ్చింది. నేను ఆలస్యంగా టీచరు ట్రైనింగు చేసి క్రిష్ణగిరిలో బడిలో చేరేనాటికే ఆమె ఫోటో పేపర్లో పడింది. కావేరిపట్టణం పోయినా, ఊత్తంగరైకి బదిలీ అయినా అదే తంతు. పిల్లల తండ్రులు వచ్చి దండం పెట్టి, మీరు పురుగుల డాక్టరమ్మ చెల్లెలంట గదా, అక్క బాగుందామ్మా, అనేవాళ్ళు. నేను బాగున్నానా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. నా పెండ్లికి ఆమె జపాను నుంచి ఒక పట్టుగుడ్డ తెచ్చింది. పెండ్లికొచ్చిన ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరి ముట్టి ముట్టి చూసినారు గానీ పెండ్లికూతురి మొహం చూసిన వాళ్ళు లేరు. ఆ గుడ్డ ఇప్పటికీ నా బీరువా అడుగున ఉంది, ఒక్కసారీ కుట్టించుకోలేదు. పురుగు కొట్టేసినా బాగుండును అనుకున్నాను, అది కూడా జరగలేదు.

క్రిష్ణగిరిలో ఆమెకు సన్మానం చేసిన రోజు నాకు బాగా గుర్తు. మామిడికాయల కాలం, ఊరంతా లారీలే. ముందు వరసలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టినారు, ఏమని? చెల్లెలని. అక్క వేదిక మీద మైకు పట్టుకొని, "చిన్నప్పుడు నేను చేసిన ఒక తప్పు నా బతుకును దిద్దింది, తెలియక పురుగులకు తడి ఆకు వేసినాను" అని మొదలుపెట్టింది. హాలంతా నవ్వులు, చప్పట్లు. నాకు ఒళ్ళంతా భగ్గుమన్నది. ఆ తప్పు నాది, ఈ రెండు చేతులతో వేసినాను, అని లేచి అరవాలనిపించింది. అయ్యో, అరిస్తే ఊరుకుంటారా? ఎందుకు వేసినావమ్మా, అంటారు. ఆ పేరులో నా వాటా అడగాలంటే నా కుళ్ళును పదిమందిలో పరచాల, కుళ్ళు దాచుకుంటే వాటా లేదు. ఇంత లోకంలో నాదంటూ ఉన్నది ఒక తప్పు, దాన్ని కూడా ఆమే తీసుకుపోయింది. కూర్చున్న చోటే కూర్చుని చప్పట్లు కొట్టినాను, అందరికన్నా ఎక్కువసేపు.

ఆనాడు అవ్వ ముందర తప్పు తన మీద ఎందుకు వేసుకుందో నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మనసు బాగున్న రోజున, నా వీపు కాపాడటానికే దెబ్బలు తినింది పాపం, అనుకునేదాన్ని. బాగలేని రోజున, మహా తెలివిగలది, నా చేతిలోని అదృష్టం లాక్కుపోయింది, అనుకునేదాన్ని. బాగలేని రోజులే ఎక్కువ. రెండో అధ్యాయంలో ఇందులో ఏది రాయాలో తేలక, ఆమె చెప్పుకున్నట్టే తెలియక వేసిందని రాయడానికి చెయ్యి రాక, ఎనిమిది నెలలు మోకాళ్ళను అడ్డం పెట్టుకున్నాను.

పుస్తకం కోసం అక్క కూతురు ఇచ్చిపోయిన ట్రంకుపెట్టె మా నడుమింట్లోనే ఉంది. పైన ఉన్న కాగితాలన్నీ చదివినాను గానీ అడుగున ఉన్న బడి నోటుబుక్కును చూసీ చూడనట్టు వదిలేసినాను. అదేదో నాకు తెలుసు. నిన్న ఫోను పెట్టేసినాక, ఇంక తప్పదని దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పదమూడేళ్ళ అక్క దస్తూరీ, గుండ్రంగా, ఒత్తి ఒత్తి రాసినది. ఒక పక్క చచ్చినవి, ఒక పక్క బతికినవి. వాన మొదలైన పేజీలో ఇట్లా ఉంది: "సాయంత్రం చెల్లి తడి ఆకు వేసింది. తలుపు సందులోంచి చూసినాను. ఆపలేదు. ఏమవుతుందో చూడాల." దాని కింద: "చెల్లి మళ్ళీ వేసింది, రెండుసార్లు. పన్నెండు మెత్తబడినాయి." దాని కింద: "అవ్వతో నేనే అని చెప్పినాను. తప్పు నాదైతే తట్ట నాదే."

ఓసి నీ ఇల్లు బంగారంగాను! అని పైకే అన్నాను, ఇంట్లో ఒక్కదాన్నే ఉండి. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అవ్వ దెబ్బల నుంచి నన్ను తప్పించనూ లేదు, నా సొత్తు దోచుకోనూ లేదు. ఆమె లెక్కలో నేనే లేను, తట్ట ఉంది. ఆ సాయంత్రం తట్ట మీదికి వంగి ఆకు పరుస్తూ నేను అక్కను తలుచుకుంటున్నాను. తలుపు అవతల నిలబడి అక్క పురుగులను తలుచుకుంటూ ఉంది. నా కళ్ళెప్పుడూ ఆమె మీదనే, ఆమె కళ్ళెప్పుడూ పురుగు మీదనే. ఇన్నేళ్ళూ నేను భూతద్దాన్ని చూసి ఏడ్చినాను, కిటికీ సీటును చూసి ఏడ్చినాను, పేపర్లో ఫోటోను చూసి ఏడ్చినాను. వాటిలో ఏదీ ఆమె నా దగ్గర లాక్కున్నది కాదు, ఆ చూడాలనే గుణం ఆమెకుంది, నాకు లేదు, అంతే సంగతి. ఒక్కటి మాత్రం నాకింకా అంతు పట్టలేదు. పెద్దదయినాక, పేరొచ్చినాక, ఎన్ని వేదికలెక్కి ఎన్నిసార్లు ఆ కథ చెప్పింది! మా చెల్లెలు వేసింది అని నవ్వుతూ ఒక్క మాట అనుంటే పోయేది. ఒక్కసారీ అనలేదు. అది పురుగుల కోసం చేసినది మాత్రం కాదు.

ఈ పొద్దు బస్సెక్కి బాగలూరు పక్క మా పల్లెకు పోయి వచ్చినాను. మల్బరీ తోటలున్న చోట ప్లాస్టిక్ కప్పుల కింద గులాబీలు పూస్తున్నాయి. ఇంకా పురుగులు పెంచే వాళ్ళు నాలుగిళ్ళ వాళ్ళున్నారు గానీ, రెండు జ్వరాలు దాటిన పురుగు పిల్లలను ఎక్కడో కేంద్రంలో పెంచి ఇస్తారంట, వీళ్ళు తెచ్చుకొని షెడ్డులో మేపుతారంట. మొదటి మేత ఎవరి చేత్తో పడిందో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర కూడా లేదు. మా పురుగుల గదిలో ఆంధ్రా నుంచి వచ్చి ఫ్యాక్టరీలో పని చేసే ఆడపిల్లలిద్దరు బాడుగకున్నారు. తల్లో మల్లెపూలు పెట్టుకొని, మిరపకాయల తిరగమోత వేస్తూ, "లోపలికి రండమ్మా, కాఫీ తాగుదురు గానీ" అన్నారు. గడప దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగి, కడుక్కోవడానికి నీళ్ళ కోసం వెతికినాయి. ఆ పిల్లలకు అర్థం కాలేదు. నేను తలుపు వెనక్కి పోయి ఆ సందులోంచి లోపలికి చూసినాను. అక్క తట్ట ఉండిన మూల బాగానే కనపడింది, ఏదీ దాగదు ఆడ.

ఇంటికొచ్చి రెండో అధ్యాయం మొదలుపెట్టినాను. "తడి ఆకు వేసినది నేను" అనేది మొదటి వాక్యం. "అక్క చూస్తూ ఉంది" అనేది రెండో వాక్యం. పుస్తకం మొత్తంలో నాదంటూ ఉన్నది ఆ మొదటిదే, దాన్ని ఎవరు ఏమనుకున్నా కొట్టేసేది లేదు. రాసి పక్కన పెట్టి, ఆ నోటుబుక్కును మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను. డెబ్బై దాటిన ముసలిదాన్ని, తలుపు సందులో నిలబడిన ఒక పదమూడేళ్ళ పిల్లను చూసి ఇంకా కుళ్ళుకుంటూ కూర్చున్నాను; కాకపోతే ఈసారి కుళ్ళుకోవాల్సిన దానికే, ఆ చూపుకే కుళ్ళుకుంటున్నాను, ఆ మాట చెప్పుకుందామంటే అక్క లేదు.